ఎనిమిది వారాల గడువు

నేను ఒక నీలం రంగు ప్లాస్టిక్ ఫైలును. నాతో పుట్టినవాటిలో కొన్ని పొలం పత్రాలు మోశాయి, కొన్ని బడి సర్టిఫికెట్లు మోశాయి. నన్ను మాత్రం విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రి ఎదుటి దుకాణంలో లోకనాథం కొన్నాడు. అతనిది పలాస. జీడిపిక్కలు వేయించే బట్టీలో పని. భార్య దమయంతి అక్కడే పిక్కలు కొట్టి పప్పు తీస్తుంది. ఆమె ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ.

ఆరుసార్లు కీమో ఎక్కించారు. ప్రతిసారీ దమయంతి నన్ను ఒళ్లో పెట్టుకుని రైల్లో కూర్చునేది. జుట్టు రాలింది, గోళ్లు నల్లబడ్డాయి, గడ్డ కరిగింది. ఆఖరిసారి డాక్టరమ్మ తడిమి చూసింది.

"చేతికి తగలడం లేదు. అంతమాత్రాన పోయిందనుకోకమ్మా, లోపల మిగిలే ఉండొచ్చు. ఒంట్లో బలం పుంజుకోవాలి కాబట్టి అయిదు వారాలు ఆగుదాం. ఎనిమిది మాత్రం దాటనివ్వొద్దు."

ఆపరేషన్ తేదీ ఎర్రసిరాతో రాసి నాలో పెట్టింది.

ఇంటికొచ్చిన మర్నాడే లోకనాథం నన్ను అటకమీద గోనెసంచుల కింద దూర్చాడు. భయాన్ని దాచే చోటు దొరక్క మనుషులు కాగితాలను దాస్తారు. దమయంతి వారం వారం అడిగేది. "ఆసుపత్రోళ్లు ఫోన్ సేసినారు. తేదీ మార్సినారట, ఇంకొన్నాళ్లు ఆగమన్నారు," అనేవాడు. ఆమె నమ్మింది. మళ్లీ పనిలోకి వెళ్లింది. తలమీద వెంట్రుకలు మొలిచాయని మురిసింది.

పదమూడో వారం, స్నానం చేస్తుంటే గడ్డ మళ్లీ చేతికి తగిలింది. తడి బట్టలతోనే ఇల్లంతా వెతికి నన్ను దించింది. చదువు రాకపోయినా అంకెలు వచ్చు. ఎర్రసిరా తేదీ వెళ్లిపోయి రెండు నెలలు.

"ఏల దాసినావు మావా?"

లోకనాథం గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "నా తోడబుట్టిన అప్ప కడుపు ఆపరేసనుకని ఎల్లి మరి రానేదు. నిన్ను ఆ బల్లమీదికి పంపనేకపోనాను."

"బయమేసిందని సెప్పీసుంటే, ఇద్దరం కలిసి బయపడుదుము గదేటి!"

అతన్ని ఆమె తిట్టింది అంతే. మరుసటి రైలుకే బయలుదేరారు. డాక్టరమ్మ నన్ను తెరిచి, తేదీ మీద వేలు పెట్టి వారాలు లెక్కపెట్టింది. మళ్లీ స్కాన్లు తీయించి, ఆ వారమే ఆపరేషన్ చేసింది.

లోకనాథం భయపడింది జరగలేదు. దమయంతి ఆ బల్లమీంచి క్షేమంగానే లేచింది. కానీ చంకలో తీసిన గ్రంథుల్లో తొమ్మిదింటికి జబ్బు పాకిందని రిపోర్టు వచ్చింది. తర్వాత మందులు వాడారు, రేడియేషన్ కరెంటు పెట్టించారు. ఏడాది తిరక్కుండా జబ్బు ఎముకల్లోకి దిగింది. ఆఖరి రోజుల్లో నొప్పికి ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకునేది. అతను విడిపించుకునేవాడు కాదు.

కర్మలయ్యాక లోకనాథం నన్ను పట్టుకుని ఒక్కడే ఆసుపత్రికి వచ్చాడు.

"అమ్మా, మీరు రాసిన తేదీకే తెచ్చుంటే బతుకునా?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. "మేలు జరిగే అవకాశం ఉండేది. బతికేదని మాత్రం ఖాయంగా చెప్పలేను, లోకనాథం గారూ."

"అవుననండి. నేదా కాదనండి. ఏదో ఒకటి అనండి తల్లీ."

ఆమె తన బల్లమీదున్న నన్ను మూసి అతనివైపు జరిపింది. అతను చేతులు జోడించి, నన్ను బల్లమీదే వదిలేసి వెళ్లిపోయాడు.