అంగడిలో తిప్పుకున్న మొఖం

మొదట్లో స్నేహలత తన గది ముందు బోర్డు పెట్టింది. 'కౌన్సెలింగ్' అన్న మాట చూసి మెట్లెక్కిన వాళ్లలో సగం మంది ఇంజనీరింగ్ సీట్ల కోసం వచ్చిన వాళ్లే. ఒకాయన సర్టిఫికెట్లన్నీ బల్ల మీద పరిచి, "మా పోరని ర్యాంకుకు హైద్రాబాద్ల సీటొస్తదా మేడమ్?" అని అడిగాడు. ఇది మనసుకు తగిలిన దెబ్బల గురించి మాట్లాడుకునే చోటని చెబితే, "గట్లనా? పిచ్చి దవాఖానని ముందుగాల్నే రాయొద్దా!" అని కాగితాలు ఏరుకుని దిగిపోయాడు. ఆ సాయంత్రమే ఆమె బోర్డు పీకేసింది.

బోర్డు లేకపోవడమే మేలయింది. మెట్లెక్కగానే ముందు గదిలో కుట్టుమిషన్ సెంటరు, వెనక గది స్నేహలతది. మెట్లెక్కిన ఆడమనిషి జాకెట్ కత్తిరింపు నేర్చుకోవడానికి వచ్చిందో, కడుపులోది చెప్పుకుని ఏడవడానికి వచ్చిందో మెదక్ బజారుకు తెలియదు. 

హవేలిఘనపూర్ అవతలి పల్లె నుంచి యాదలక్ష్మి కూడా కుట్టు నేర్చుకుంటానని ఇంట్లో చెప్పే వచ్చేది. మొదటి రోజు తలుపు పక్క కుర్చీలో, లేచి పారిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. స్నేహలత తలుపు కొంచెం తెరిచే ఉంచింది. ఏం జరిగిందని అడగలేదు. నీళ్లిచ్చి, అందరికీ చెప్పే మాటే చెప్పింది.

"ఈడి మాట ఈడనే ఉంటది అక్కా. బయట కనవడితే నేను పలకరియ్య. మీరు పలకరిస్తేనే మాట్లాడుత. ఎవలకు అనుమానం రావొద్దని."

యాదలక్ష్మి తలూపింది. ఆ రోజు ఆమె దేనికైనా తలూపేది. ఫ్యాను వెయ్యనా అన్నా, ఆపనా అన్నా.

అసలు సంగతి వారాల మీద, ముక్కలు ముక్కలుగా వచ్చింది. తోటికోడలు భాగ్య కొడుకు అరుగు మీద అన్నం తింటుంటే యాదలక్ష్మి చూసి, "ఎంత ముద్దుగ తింటుండో!" అన్నదట. ఆ వారంలోనే పిల్లవాడు జ్వరమొచ్చి పోయాడు. ఎవరూ ఆమెను కొట్టలేదు. మంత్రాలన్న మాట పైకి అనలేదు, అంటే పోలీసులొస్తారని ఊరికి తెలుసు. ఊరికే మొఖాలు తిప్పుకున్నారు. ఆమె ఎదురొస్తే పిల్లల తలలు కొంగు కింద దాచుకున్నారు. నల్లా దగ్గర ఆమె బిందె పెడితే మాటలు ఆగిపోయేవి.

"తిట్టినా మంచిగుండు మేడమ్," అన్నది యాదలక్ష్మి. "తిట్టాలన్నా నా దిక్కు జూడాలె గద."

ఆ తర్వాత ఆమెకు అంకిత పుట్టింది. ఆమె చూపు తగిలితే కీడని ఊరు నమ్మింది, ఊరిని చూసి ఆమె కూడా నమ్మింది. బిడ్డకు అన్నం తినిపించేటప్పుడు గోడ వైపు చూస్తూ చెయ్యి చాపుతుంది. ముద్ద ఒక్కోసారి ముక్కుకు తగులుతుంది. చిన్నప్పుడు పిల్ల అదో ఆట అనుకుని నవ్వేది. ఇప్పుడు మూడేళ్లది, నవ్వడం లేదు. తల్లి గదువ రెండు చేతులా పట్టుకుని మొఖాన్ని తన వైపు తిప్పుకోవాలని చూస్తుంది.

అదంతా మూఢనమ్మకమని స్నేహలత అనలేదు. ఊరికొచ్చి ఆ మాట చెప్పి జీపెక్కి పోయిన అధికారులు ఇదివరకే ఉన్నారు. "ముందుగాల నన్ను జూడుండ్రి అక్కా," అన్నది. యాదలక్ష్మి మొదట ఆమె గాజులు చూసింది. తర్వాత మెడ దాకా వచ్చింది. ఒకరోజు కళ్లలోకి చూసి, ఉలిక్కిపడి తల దించుకుంది. మరుసటి వారం గడప దాటకముందే అడిగింది.

"మీకేం గాలే గద మేడమ్?"

"ఏం గాలే. మస్తుగ తిన్న, మంచిగ పన్న."

ఇంకో వారం మొఖం వెలిగిపోతూ వచ్చింది. "జడేసుకుంట బిడ్డను జూసిన మేడమ్. అద్దంలనే అనుకోండ్రి. ఏం గాలే! ఇగ అన్నం వెట్టేటప్పుడు జూస్త."

ఆ ఆదివారమే వారపు అంగడిలో ఎదురుపడ్డారు. స్నేహలత వెంట తల్లి రామమ్మ ఉంది. యాదలక్ష్మి పక్కన అత్త, చంకలో బిడ్డ. అంత జనంలో యాదలక్ష్మి తలెత్తి, గదిలో నేర్చుకున్నట్టే, స్నేహలత కళ్లలోకి నిండుగా చూసింది. పెదవులు నవ్వడానికి కదిలాయి.

స్నేహలతకు అత్త కనిపించింది. గబుక్కున మొఖం తిప్పుకుని వంకాయల మీదికి వంగింది. తల్లి మోచెయ్యి పట్టుకుని పక్క వరుసలోకి లాక్కుపోయింది.

"ఏందే, గా పిల్ల నిన్నే జూస్తుంది. ఎరుకున్నోళ్లా?" అన్నది రామమ్మ.

"కాదమ్మా, నడువు."

"ఎరుక లేకున్నా బాగున్నవా అంటె నీ నోట్లె ముత్యాలు రాలుతయా? గిదే సదివినవా హైద్రాబాద్ల?"

సంచి ఆటోలో పెడుతుంటే స్నేహలతకు తట్టింది. తను ఏం చేసిందో కాదు, అది అవతల ఎట్లా కనిపించి ఉంటుందో. సంచి వదిలేసి వెనక్కి పరుగెత్తింది. వంకాయల దగ్గర వేరే వాళ్లున్నారు.

ఆ వారం యాదలక్ష్మి రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను మొగుడిది. దానికి చెయ్యొద్దని యాదలక్ష్మే చెప్పింది. ఊరికి పోతే అబద్ధం బయటపడుతుంది, తన్నులు ఆమెకు పడతాయి. హైదరాబాదులో తనకు పాఠం చెప్పిన మేడమ్‌కు ఫోన్ చేస్తే, "నువ్వు చేసింది పద్ధతి ప్రకారం కరెక్టే" అన్నారు. కరెక్టయిన దాన్ని ఎట్లా దిద్దుకోవాలో ఆమె కూడా చెప్పలేదు. యాదలక్ష్మి వచ్చే వేళకు స్నేహలత తలుపు కొంచెం తెరిచి పెట్టుకుని ఖాళీ కుర్చీ ముందు కూర్చునేది. ముందు గదిలో మిషన్లు కటకటలాడేవి.

చివరికి బస్టాండులో కనిపించారు. అత్త మూటల మీద చెయ్యేసి కూర్చుంది. యాదలక్ష్మి టిఫిన్ డబ్బాలోంచి ముద్ద తీసి, మొఖం పూర్తిగా అవతలికి తిప్పి, బిడ్డ ఉన్న వైపు చెయ్యి చాపింది. ముద్ద చెంపకు తగిలి కింద పడింది.

స్నేహలత ఆగలేకపోయింది. "యాదక్కా, బాగున్నరా?"

యాదలక్ష్మి భుజాలు ముడుచుకుపోయాయి. తల ఎత్తలేదు.

"ఎవలమ్మా నువ్వు? మా కోడలు నీకెట్ల ఎరుక?" అన్నది అత్త.

"కుట్టుమిషన్ కాడ..."

"నువ్వేనా నేర్పేది? గిన్ని దినాలు తిరిగి ఒక్క జాకెట్ కుట్టలే. ఏం నేర్పినవ్ మరి?"

స్నేహలత యాదలక్ష్మి వైపు తిరిగింది. ఒక అడుగు ముందుకు వేసింది. యాదలక్ష్మి కొంగు కళ్ల మీదికి లాక్కుని, నేలతో మాట్లాడినట్టు అన్నది.

"దూరం జరుగుండ్రి మేడమ్. గారోజు మీరు గూడ భయపడ్డరు. నాకు సమజైంది. మీకేమన్న అయితె నేను బతకలేను."

"భయంతోని గాదక్కా! నాకేం గాలే. ఒక్కసారి నా దిక్కు జూడుండ్రి."

"ఏందే గిది? ఏం నడుస్తుంది?" అత్త లేచి నిలబడింది. ఇంకొక్క మాట అంటే ఆ మాట రాత్రికి యాదలక్ష్మి వీపు మీద పడుతుంది. స్నేహలత వెనక్కి జరిగింది. బస్సు వచ్చింది. అత్త కోడలి రెక్క పట్టి ఎక్కించింది.

కిటికీలో ముగ్గురూ కనిపించారు. అంకిత తల్లి ఒళ్లో నిలబడి, ఆ గదువ రెండు చేతులా పట్టుకుని తిప్పింది. తిరగలేదు. ఇంకోసారి తిప్పింది. తర్వాత చేతులు వదిలేసి, ఒళ్లో కూర్చుని, తల్లి చూస్తున్న వైపే తనూ చూడసాగింది.