గీత దాటని నీడ

ఆగస్టు చివర బళ్లు తెరిచాక కూడా టొలీడోలో ఎండ తగ్గదు. మలుపు దగ్గర స్కూలు బస్సు ఆగే చోట చెట్టూ చేమా ఏమీ లేదు. పిల్లలంతా తమ తమ అమ్మల నీడల్లో, తాతల నీడల్లో దూరి నిలబడతారు. ఆరేళ్ల ఇమానీ మాత్రం పక్కింటి కొవాల్‌స్కీ నీడలో నిలబడేది. వాళ్ల అమ్మమ్మ ఒడెస్సాకు నీడ లేదు మరి.

లేదంటే బొత్తిగా లేదని కాదు, దూరాన జార్జియా రాష్ట్రంలో ఉంది. కొందరి సామాను చుట్టాలింట్లో ఉండిపోయినట్టు, ఒడెస్సా నీడ అక్కడ ఉండిపోయింది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు.

"ఏమమ్మోయ్, ఇవాళ కూడా నా నీడ అద్దెకు కావాలా?" అనేవాడు కొవాల్‌స్కీ.

"నీ నీడెక్కడిది, అదంతా నీ పొట్ట నీడ. కదలకుండా నిలబడు పెద్దాయనా, పిల్లకు ఎండ తగులుతోంది."

అలా ఎగతాళి చేసి, ఒడెస్సా బడి వంటింటికి పనికి పోయేది.

వయసులో, జార్జియాలో ఉన్నప్పుడు, చెల్లెల్ని కొడుతున్న మరిదికి ఆవిడ ఇనప మూకుడుతో ఒక్కటిచ్చింది. వాడు పడిపోతూ ఆవిడ కుడిచెయ్యి మెలిపెట్టాడు. అప్పట్నుంచి ఆ చెయ్యి భుజం దాటి లేవదు. కోర్టు ఆవిణ్ణి జైలుకు పంపకుండా రెండేళ్ల ప్రొబేషన్ వేసింది. ప్రతి నెలా మొదటి సోమవారం ఆఫీసరు ముందు హాజరు కావాలి, చర్చి శ్మశానం ఊడవాలి, అనుమతి లేకుండా రాష్ట్రం దాటకూడదు. ఏడాదైనా గడవకముందే టొలీడోలో తల్లి మంచాన పడిందని కబురొచ్చింది. ఆఫీసరేమో చేపలు పట్టడానికి సెలవు పెట్టి వెళ్లాడు. ఆయన వచ్చేదాకా ఆగకుండా ఒడెస్సా బస్సెక్కేసింది.

బస్సు జార్జియా పొలిమేర దాటుతుంటే నీడ సీటు మీంచి జారి రోడ్డు పక్కన నిలబడిపోయింది. ఒడెస్సా కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఏం చేస్తుంది? అక్కడ తల్లి ప్రాణం మీదికొచ్చింది. ఆ వారమే ఆవిడ మీద వారెంటు వేశారు. రాష్ట్రం మారితే పాత కేసు కూడా మెల్లగా మాసిపోతుందిలే అనుకుంది ఒడెస్సా. చాలామంది అలాగే అనుకుంటారు. కానీ వారెంటు ఎక్కడికీ పోదు, కూర్చుని ఎదురు చూస్తుంది.

మొన్న చలికాలంలో ఒడెస్సా కూతురు జబ్బుచేసి చనిపోయింది. ఇమానీని తనకు అప్పగించమని ఆవిడ టొలీడో కోర్టులో అడిగితే ఆ వారెంటు బయటపడింది. "జార్జియాలో తేల్చుకుని రండమ్మా. తేలకపోతే పిల్లను వేరే ఇంటికి పంపక తప్పదు" అన్నారు జడ్జిగారు.

జార్జియాలో, బీదవాళ్ల తరఫున ఉచితంగా వాదించే కర్టిస్ బీమ్ అనే కుర్ర వకీలు దొరికాడు. "పట్టుకొస్తే ఒక లెక్క, మీ కాళ్లతో మీరొస్తే ఇంకో లెక్క. అయినా జైలు ఉండదని మాటివ్వలేను మేడమ్" అన్నాడు ఫోనులో.

"మాట నువ్వెందుకిస్తావు నాయనా, నేనొస్తున్నాగా. ముందు నా నీడ ఎక్కడుందో కనుక్కో."

ఇమానీని కొవాల్‌స్కీ ఇంట్లో దింపింది. పిల్ల ఆవిడ గౌను వదల్లేదు. "తిరిగొస్తావా అమ్మమ్మా?"

"రాక ఎక్కడికి పోతానే? నీ జడలు ఎవరేస్తారు, కొవాల్‌స్కీయా?" అని నవ్వించి బస్సెక్కింది. నవ్వించిందే గానీ, బస్సు కదిలాక ఆవిడకూ భయం వేసింది.

జార్జియా కోర్టు హాల్లో, కిటికీ ఎదుటి గోడ మీద నీడ నిలబడి ఉంది. సన్నగా, నిటారుగా, తల గుడ్డతో, విడిచి వెళ్లిన నాటి ఒడెస్సాలాగే ఉంది. ఈవిణ్ణి చూసి కూడా దగ్గరికి రాలేదు. కోపం ఉండదా మరి?

ఆనాటి ప్రొబేషన్ ఆఫీసరు, ఎప్పుడో రిటైరైన పర్విస్‌ను కర్టిస్ సాక్ష్యానికి పిలిచాడు. "మొదటి సోమవారం రాగానే ఈ నీడ నా ఎదురు కుర్చీలో కూర్చునేది. మబ్బు పడితే మర్నాడు వచ్చేది. నేను రిటైరయ్యాక మా ఇంటికే వచ్చి కూర్చునేది. శ్మశానంలో ఎండుటాకు ఒక్కటి ఉండనిచ్చేది కాదు" అన్నాడాయన.

"ఇన్నాళ్లూ కోర్టుకు చెప్పలేదేం?" అడిగింది జడ్జి హాలొవే.

"ఎవరూ నన్ను అడగలేదమ్మా."

ప్రభుత్వం తరఫు లాయరు లేచింది. "రమ్మన్నది మనిషిని. పోనీ నీడే వచ్చిందనుకున్నా, ఇది ఈవిడదేనా? ఆ సన్నదనం చూడండి, ఈవిణ్ణి చూడండి."

"ఇన్నేళ్లు బడిపిల్లలకు వండానమ్మా. రుచి చూడకుండా వండితే వాళ్లు తింటారా?" అంది ఒడెస్సా. హాలంతా నవ్వింది. నీడ మాత్రం కదల్లేదు.

"ముందు ప్రమాణం చేయించండి" అంది జడ్జి.

బంట్రోతు కుడిచెయ్యి ఎత్తమన్నాడు. ఒడెస్సా ఎత్తబోయింది. చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. "ఇంతకు మించి లేవదు బాబూ" అని దించేసి, ఎడమచెయ్యి ఎత్తింది.

గోడ మీద నీడ కూడా ఒక చెయ్యి భుజం దాకా ఎత్తి, అక్కడే ఆపి, దించేసి, రెండోది ఎత్తింది.

ప్రభుత్వం తరఫు లాయరు కాసేపు గోడను చూసి, "నాకింకేం అభ్యంతరం లేదు" అని కూర్చుంది.

"రెండేళ్లు హాజరు కమ్మంటే ఇన్నేళ్లు ఎందుకొచ్చింది?" జడ్జి పర్విస్‌ను అడిగింది.

"చాలని ఎవరూ చెప్పలేదు కదమ్మా."

జడ్జి కళ్లద్దాలు తీసి, గోడవైపు తిరిగింది. "చాలమ్మా" అంది నీడతో. "శిక్ష పూర్తయింది. వారెంటు రద్దు. ఇద్దరూ వెళ్లొచ్చు."

అయినా నీడ గోడ దిగలేదు. ఒడెస్సా దాని దగ్గరికి నడిచింది. "నిన్ను ఒక్క మాటైనా అడక్కుండా వెళ్లిపోయాను. అమ్మ కోసమే వెళ్లాను, అయినా తప్పే. ఇప్పుడు అనుమతి ఉంది. ఇంటి దగ్గర చిన్నపిల్ల ఎదురు చూస్తోంది, రా."

నీడ మెల్లగా గోడ దిగింది. నేల మీద పాకి ఆవిడ పాదాల దగ్గరికి చేరేసరికి ఆవిడంత లావైంది. తిరుగు ప్రయాణంలో పొలిమేర వస్తుంటే ఒడెస్సా సీటు వంక చూసింది. ఈసారి అది జారలేదు.

తర్వాతి శుక్రవారం టొలీడో కోర్టు ఇమానీని అమ్మమ్మకే అప్పగించింది.

సోమవారం పొద్దున బస్సు కోసం నిలబడినప్పుడు ఎండ చురుక్కుమంటోంది. కొవాల్‌స్కీ అలవాటుగా పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇమానీ ఆయన్ను దాటుకుని వెళ్లి అమ్మమ్మ నీడలో నిలబడింది. కాళ్లు బయటికి రాకుండా దగ్గరికి చేర్చుకుంది.

"ఏయ్, మరి నా అద్దె?" అన్నాడాయన.

"అమ్మమ్మా, నువ్వు కదలకు" అంది ఇమానీ.

ఒడెస్సా కదల్లేదు. బస్సు వచ్చి హారన్ కొట్టినా కదల్లేదు.