మొసళ్ళ మంత్రి

మంత్రి తన శత్రువును మొసళ్ళ గుంటలోకి తోయించాడు. తోయించి, మీసం దువ్వుకుని, తెర మీదినుంచి అందరి వంకా చూసి నవ్వాడు. ఆ నవ్వు దగ్గర సీరియల్ ఆగి సబ్బు ప్రకటన వచ్చింది.

విరుదునగర్ లాడ్జి పై అంతస్తు హాల్లో ఏడుగురు కౌన్సిలర్లు ఊపిరి వదిలారు. గెలిచిన మర్నాడే అళగర్‌సామి వాళ్ళను వ్యాన్ ఎక్కించి ఇక్కడికి తెచ్చిపెట్టాడు. రేపు పొద్దున పంచాయితీ యూనియన్ చైర్మన్ ఎన్నిక, ఓట్లేసేది ఈ కౌన్సిలర్లే. ఆ పదవి ఈసారి ఆడవాళ్ళకిచ్చారు కాబట్టి అతని భార్య నిలబడుతోంది. అందాకా అవతలి పార్టీ గాలి సోకకుండా కౌన్సిలర్లకు నూనెలో వేయించిన పరోటాలు, కోడికూర, టీవీ. ఫోను మాత్రం కింద మేనేజరు దగ్గర. ఎవరికి కబురొచ్చినా అందుకునేది అళగర్‌సామే.

"ఏమన్నా, మంత్రులు నిజంగా ఇట్లనే చేస్తారా?" అని అడిగింది వెళ్ళైయమ్మాళ్. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పని మానుకుని మొదటిసారి గెలిచిన మనిషి. ఆమెకు భయంగానే ఉంది.

అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చిన అళగర్‌సామి పడీపడీ నవ్వాడు. "మొసలికి దినామూ మేత ఎవురేస్తారమ్మా? దానికి ఏ డిపార్ట్‌మెంట్‌లో శాంక్షను? ఇది రాసినోడు పంచాయితీ ఎలక్షన్ గూడా చూసిండడు. చూడు, ముప్పై ఏండ్లుగా రాజకీయంలో ఉండాను. ఒకరి మీద చెయ్యెత్తినానా? ఒకర్ని చెడ్డమాట అన్నానా?"

అనలేదు. ఇంకో కౌన్సిలర్ చిన్నతాయి కూడా నవ్వింది. ఆయన ఆమెకు వరసకు అన్న. వాళ్ళ నాయనా ఆయన నాయనా ఒకే వంశం, పంగాళీలు. ఆ చుట్టరికం చెప్పే ఆయన ఆమెను ఎన్నికల్లో నిలబెట్టాడు. కోవిల్‌పట్టిలో తమ్ముడింట మంచాన పడిన నాయనను వదిలి రానంటే, "మీ నాయన నాకు చిన్నాయన కాదా? నేను చూసుకుంటా" అని వ్యాన్ ఎక్కించాడు. మొసళ్ళ మంత్రికి ఇంత తియ్యగా మాట్లాడడం వచ్చి ఉంటే గుంట తవ్వించే శ్రమే లేకపోయేది.

నవ్వుతూనే ఆమె ఆయన నొసటి వంక చూసింది. నామం లేదు.

పొద్దున టిఫిన్ దగ్గర ఉంది. తెల్లగా, మధ్యలో ఎర్రగా, కొలిచి గీసినట్టు ఉంది. స్నానమైతే మళ్ళీ పెట్టుకోకుండా గది దాటి రాడు. జ్వరంలోనూ మానలేదు. అలాంటి మనిషి భోజనం తరవాత, అభ్యంగన దినం కాని దినాన, తలమీద నీళ్ళు పోసుకుని బోడి నొసటితో నిలబడ్డాడు. పంగాళీల్లో చావైతే తప్ప అట్లా నిలబడడు. మైలలో నామం పెట్టుకుంటే పెరుమాళ్ళకు కోపం.

పంగాళీల్లో మంచాన పడిన మనిషి ఒక్కడే.

"అన్నా, మా నాయన ఎప్పుడు పొయినాడు?" అంది చిన్నతాయి.

టీవీలో సబ్బు నురగ పొంగుతోంది.

"ఎవురు చెప్పినారు నీకు?"

"నీ నొసలే చెప్పింది."

అళగర్‌సామి చెయ్యి తనకు తెలియకుండానే నొసటి మీదికి పోయింది. దొరికిపోయాక కూడా ఆయన గొంతు పెరగలేదు. "టిఫిన్ అయినాక కబురొచ్చింది, తాయీ. నువ్వు కలత పడతావని చెప్పలా. రేపు వోటేసేసి నేరుగా కారులో పోవచ్చు. అందాకా ఎత్తొద్దని మీ తమ్ముడికి చెప్పినా. ఐసు గూడా నేనే పంపినా. నాయన చెడకుండా ఉంటాడు."

"ఐసు పంపినావా?"

"ఇప్పుడు పొయినావంటే మీ మామ ఉంటాడాడ. ఆయన అవతలి పార్టీ. నిన్ను తిరిగి రానిస్తాడా?"

"దేవుడికి అబద్ధం చెప్పేదానికి మాత్రం నీకు నోరు రాలా" అంటూ లేచింది చిన్నతాయి. "నాకైతే చెప్తివి. మద్యాన్నం నా పక్కన కుర్చోని, ఇంగొక పరోటా తినమంటివి. నా నాయన ఐసులో ఉంటే నేను కోడికూర తింటి."

ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. అదే చూడలేకపోయింది వెళ్ళైయమ్మాళ్. ముందు చిన్నతాయి భుజం పట్టుకుంది. తరవాత అళగర్‌సామి వంక తిరిగింది. "అన్నా, మా ఇంట్లోనించి ఏమన్నా కబురొచ్చిందా? మా చిన్నదానికి జొరంగా ఉండె."

"రాలేదమ్మా, సత్తెంగా."

"పొద్దున్నించి ఈమెకూ సత్తెమే చెప్తావుంటివి గదా!"

ఇంకొకాయన లేచాడు. "నేను ఫోను చేసుకోవాల." ఆయన వెంట ఇద్దరు లేచారు. ముప్పై ఏళ్ళ రాజకీయం మెట్ల వైపు కదిలిపోతుంటే అళగర్‌సామి తలుపుకు అడ్డం నిలబడి రెండు చేతులూ జోడించాడు. "పోదాం, అందరమూ పోదాం. చావింటికే పోదాం. ఎవురూ విడిపోవద్దండి."

మేకలమందను తోలుకుపోయేవాడికి వచ్చే ఆలోచనే వచ్చింది ఆయనకు. చావింటికి పోయినా మంద చెదరకూడదు.

డ్రైవర్ ఇసక్కి వ్యాన్ తీశాడు. చిన్నతాయి ముందు సీట్లో కూర్చుంది. కోవిల్‌పట్టి దారిలో సాత్తూరు వచ్చింది. బస్టాండు దగ్గర పూలకొట్లు కనపడగానే వెనకనుంచి అళగర్‌సామి గొంతు వచ్చింది. "ఇసక్కీ, ఆపు. చిన్నాయనకు మంచి మాల తీసుకోవాల. పెద్దది."

ఇసక్కి బ్రేకు మీద కాలు పెట్టి, వెనకున్న అయ్య వంక కాక, పక్కనున్న చిన్నతాయి వంక చూశాడు.

"పోనీయ్" అంది ఆమె.

వ్యాన్ ఆగలేదు.