మోత నింపిన పరుపు

తొలి విమానం నెత్తి మీదుగా వెళ్లిపోగానే వీధి వీధంతా చీపుళ్లు పట్టుకుని లేచేది. విమానం పైకి పోయినా మోత కిందే పడుతుంది కదా! బూడిదరంగులో, పిండికన్నా మెత్తగా, మంచాల కిందా పొయ్యి గట్టు మీదా గిన్నెల అడుగునా పేరుకుంటుంది. ఊడ్చకపోతే రోజంతా ఇల్లు గుయ్యిమంటూనే ఉంటుంది. అందుకే ఊడ్చి, చేటలకెత్తి, వీధి చివర పరుపులత్త గదిలో పోసి వచ్చేవారు.

పరుపులు కుట్టి బతుకుతుంది గనక ఆమెకా పేరు. ఆ వీధికొచ్చిన కొత్తలో అందరిలాగే వినేది. రన్‌వేని ఇటువైపు పొడిగించాక మొదట ఆమె చెవులే పోయాయి. ఆ వెంటనే వీధికి తెలివితేటలు పుట్టుకొచ్చాయి. ఎలాగూ వినపడదు, ఆమె గదిలో పోస్తే ఎవరికి నష్టం? గది సొంతదారు మేడాయన అద్దె అడగడం మానేశాడు. వీధిలో ఎత్తైన ఇల్లు ఆయనదే, అందరికంటే ఎక్కువ మోత పడేదీ ఆయన డాబా మీదే.

"పాపం, చెవిటిదానికి నీడనిచ్చాం" అని వీధివాళ్లు చెప్పుకునేవారు. మనిషిని చెత్తకుండీ చేసి దానికి దయ అని పేరు పెట్టుకోవడం ఎంత తేలికో!

పరుపులత్త ఏళ్ల తరబడి కిక్కురుమనలేదు. ఆమె కూతురు పసిపిల్లని చంకనేసుకుని వచ్చాకే చిక్కొచ్చింది. కట్టుకున్నవాడు ఇంకో కాపురం పెట్టుకున్నాడు. ఆగి ఉన్న విమానాల్లో సీట్లు తుడిచే పని దొరికితే, కూతురు పిల్లని తల్లికి అప్పగించి పొద్దున్నే పోయేది. పిల్ల చెవులు మహా చురుకు. సాయంత్రం గుమ్మంలోంచి "ఓసి దొంగపిల్లా!" అని తల్లి పిలిస్తే చాలు, మొహం విప్పార్చుకుని తల తిప్పేది. ఆ తల తిప్పడం చూసి పరుపులత్తకు కడుపు నిండిపోయేది. తనకి పోయింది పోయింది, దీనికి మిగిలితే చాలు.

కానీ ఆ మోతలో పిల్లకు పగలు నిద్రెక్కడ? గుక్కపట్టి ఏడ్చేది. ఒకరోజు తల్లీకూతుళ్లిద్దరూ మేడాయన గుమ్మంలో నిలబడ్డారు.

"బాబూ, పిల్ల తట్టుకోలేకపోతోంది. మోత ఇంకెక్కడైనా పోయించు" అంది పరుపులత్త, తన గొంతు తనకు వినపడదు గనక వీధంతా అదిరేలా.

"ఎక్కడ పొయ్యమంటావ్? నా నెత్తినా?"

మెడికల్ షాపాయన పక్కింటి అరుగు మీంచి అందుకున్నాడు. "చెవుల్లో దూది కుక్కవే అత్తా! మీ ఇంట్లో దూదికేం కరువు?"

అందరూ ఘొల్లుమన్నారు. పరుపులత్త వాళ్ల పెదాలు చూసి మాటలు పట్టుకుంది. నవ్వు పట్టుకోవడానికి పెదాలు చూడక్కర్లేదు.

"నవ్వండయ్యా, మీ పిల్లలైతే తెలిసేది!" అంది కూతురు.

"మా పిల్లలని ఆ గదిలో ఎందుకుంచుతాం అమ్మాయ్?" అన్నాడు మేడాయన, విసుగు కూడా లేకుండా. "అది చెవులున్నవాళ్ల కోసం ఇచ్చిన గది కాదు. ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యండి. ఎవరిస్తారో చూద్దాం."

ఎవరూ ఇవ్వరు. వాళ్లకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

దాంతో పరుపులత్త తనకు చేతనైన పని మొదలుపెట్టింది. మందపాటి పరుపు గుడ్డ తెచ్చి సంచీలా కుట్టి, గదిలో గుట్టపడ్డ మోతని అందులో కూరింది. దబ్బనంతో దగ్గరదగ్గరగా కుట్లేసింది. కుట్టాక అరచెయ్యి ఆనించి చూసేది. అదురు తగిలితే ఇంకో వరస కుట్టేది. చెవులు లేనివాళ్లకు అరచెయ్యే చెవి మరి. చివరికి ఇంకో నాలుగు కుట్లు పడేసరికి ఆ పరుపు నిద్రపోయిన పశువులా కదలక మెదలక పడుకుంది. తన జన్మలో అంత మెత్తటి పరుపు ఆమె కుట్టలేదు. కూతురు పనికి పోగానే పిల్లని దాని మీద పడుకోబెట్టింది.

పిల్ల నిద్రపోయింది. మర్నాడూ నిద్రపోయింది. ఏడుపు ఆగింది. తెల్లారి పోసిన కొత్త మోతనీ అందులోనే కూరి కుట్టేసేది. అయినా రోజురోజుకీ పరుపు తేలికవుతుంటే, మోత ఆరిపోతోందని పరుపులత్త మురిసిపోయింది. సాయంత్రం కూతురొచ్చేసరికి పరుపు చుట్టి అటక మీద పెట్టి, పిల్లని కూతురి ఒళ్లో పెట్టేది. పనిలో అలసిపోయిన కూతురు పిల్ల పక్కన అలాగే ఒరిగిపోయేది.

ఒక సాయంత్రం కూతురు గుమ్మంలోంచి "ఓసి దొంగపిల్లా!" అంది. పిల్ల బొత్తంతో ఆడుకుంటూనే ఉంది. మళ్లీ పిలిచింది. దగ్గరికొచ్చి వీపు వెనక చప్పట్లు కొట్టింది. పళ్లెం నేలకేసి బాదింది. పిల్ల బొత్తం నోట్లో పెట్టుకుని చప్పరించింది.

"ఏం చేశావే అమ్మా?"

పరుపులత్త పరుపు దింపి చూపించింది. కూతురు కత్తెరతో దాన్ని నిలువునా చీరింది. లోపల పిడికెడు బూడిద, అంతే. చిన్న సడి కూడా లేదు. గుడ్డలోంచీ కుట్లలోంచీ దారి దొరకని మోత, పైన పడుకున్న పసిదాని చెవుల్లోకి దారి చూసుకుంది.

తెల్లారి ఊడ్చడం అయ్యాక సంగతి తెలిసి వీధివాళ్లు వచ్చారు, చేతుల్లో చేటలతోనే. "అయ్యో" అన్నారు, "ఎంత పనైంది" అన్నారు. మేడాయన పిల్ల బుగ్గ పుణికాడు.

"బంగారు తల్లి! ఇక ఏడవదు, దీని జోలికి ఎవరూ రారు. చూడమ్మాయ్, నీ తల్లి తర్వాత ఈ గది నీ పిల్లదే. ఖాళీ చెయ్యమని చచ్చినా అనను. సరేనా?"

ముఖాలన్నీ ఒక్కసారి తేలికపడ్డాయి. ముసలమ్మ పోతే మోత ఎక్కడ పొయ్యాలా అని ఎప్పటినుంచో బెంగపడుతున్నారు మరి.

కూతురు నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. వీధంతా చెవులు మూసుకుని కళ్లు చికిలించింది. ఆ మోత కింద నిలబడి కూతురు అరిచింది. మేడాయనని కాదు, తల్లినే చూస్తూ. "వాళ్లు నా పిల్ల చెవులు అడిగారే, నువ్వు కుట్టి మరీ ఇచ్చావు. నువ్వు పోయాక నీ శవాన్ని ముట్టను. ఈ బూడిదలోనే పడి ఉండు."

అంతమందిలో ఆ మాటలు అందింది ఒక్క పరుపులత్తకే. పెదాల మీంచి ఒక్కటీ జారిపోలేదు.

విమానం పోయింది. మేడాయన చెవుల మీంచి చేతులు తీశాడు. "ఏమంటోంది మీ అమ్మాయి?"

పరుపులత్త పిల్ల వైపు చూసింది. అద్దె అడగని చోటు ఈ భూమ్మీద వాళ్లకు ఇంకోటి లేదు.

"సరేనంటోంది బాబూ" అని అరిచింది. అని, అడ్డు తప్పుకుంది. చేటలు లోపలికి నడిచాయి.