అర్జెల్లా ఎత్తుకోని చరణం

నాకు కాలు ఒకచోట నిలవదు, చేతులు అసలే నిలవవు. ఆ గురువారం ఫైర్ స్టేషన్‌లో మరీ ఎక్కువైంది. మా కెంటకీ కొండల్లో బ్లూగ్రాస్ అనే మా పల్లెపాటల సాధనకి అంతకన్నా పెద్ద గది లేదు. ఫైరింజన్ని బయట నిలబెట్టి, కుర్చీలు గుండ్రంగా వేసుకుంటాం.

మాండొలిన్ కుర్చీ డెల్మర్‌ది. ఆయన చలికాలంలో పోయాడు, ఇప్పుడందులో నేను కూర్చుంటున్నా. పాత టేపులు వింటూ ఆయన వాయింపంతా, తడబాట్లతో సహా, అచ్చు దింపేశాను. అయినా ప్రతిసారీ అదే గొడవ. పాట మధ్యలో నా వంతు వాయించేస్తాను, తర్వాతి చరణం ఎత్తుకోవాల్సిన అర్జెల్లా నోరు తెరవదు. ఆమె డెల్మర్ భార్య. నేనంటే గిట్టదేమోనని లోపల ఒకటే గుబులు.

ఆ రోజూ అంతే. చరణం అందుకోవాల్సిన చోటు దాటిపోయింది. ఫిడేలు వాయించే హోబర్ట్ కమాను దించేశాడు.

"ఇదిగో ఎల్డన్, శనివారం అంతమంది ముందు పాడాలి మనం. ఆవిడ పాడకపోతే బ్యాండే లేదు. నీతో కుదరకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటా, ఏమనుకోకు."

నాకు ఒళ్లు మండింది. "నేనేం తప్పు వాయించాను? ఒక్క స్వరమైనా పోయిందా?"

"అదేరా నా ఏడుపు," అంది అర్జెల్లా. "ఒక్కటీ పోలేదు. కళ్లు మూసుకుంటే ఆయనే వాయిస్తున్నాడు. తన వంతయ్యాక నావైపు చూసి తలూపేవాడు, అప్పుడు ఎత్తుకునేదాన్ని. దానికోసమే చూస్తూ కూర్చుంటున్నా."

మాండొలిన్ ఒళ్లో సర్దుకున్నాను. "మళ్లీ మొదలెట్టండి," అన్నాను.

డెల్మర్‌ని వదిలేస్తే నా దగ్గర ఏం మిగులుతుందో నాకే తెలీదు. నా వంతు రాగానే వేళ్లు పరుగెత్తబోయాయి, ఆపాను. ఆమె పాడిన వరసనే, ఆమె ఊపిరి తీసుకునే చోట నేనూ ఆగుతూ, పసిపిల్లలకి నేర్పేంత తేలిగ్గా వాయించాను. ఆగిన ప్రతిచోటా తప్పు చేస్తున్నాననే అనిపించింది. హోబర్ట్ మొహం చూసే ధైర్యం లేకపోయింది.

నా వంతు అయ్యీ అవకముందే అర్జెల్లా ఎత్తుకుంది. మా పాటలకి డ్రమ్ములుండవు, మాండొలిన్ మీద టక్కు టక్కుమని కొట్టేదే తాళం. ఆ తాళం వేస్తూ చివరిదాకా ఆమె వెనకే నడిచాను.

పాటయ్యాక అర్జెల్లా మొహం పక్కకి తిప్పుకుంది.

"బాగాలేదా అత్తా?" అన్నాను ఉండబట్టలేక.

"బాగుంది." ముక్కు చీదుకుని, కుర్చీ నావైపు జరుపుకుంది. "నాకు మాత్రం ఆయన ఇవాళే పోయాడురా. ఊఁ, రెండో పాట మొదలెట్టు."