అదే చోట పుండు

లోకనాథం అద్దంలో మూతి చూసుకోవడం ఆ పొద్దున అది నాలుగోసారి. కింది పెదవికి కుడిపక్కన నల్లటి మచ్చ. పుండు మానిపోయింది గానీ మచ్చ కదలనంటోంది. అలాంటిదే ఇంకొకటి లుంగీ లోపల, ఎవరికీ చూపించలేని చోట ఉంది.

రెండేళ్ళుగా ఇదే తంతు. అతనూ ఇంకో ముగ్గురూ డోంగీ, అంటే మోటారు పడవ, వేసుకుని అయిదేసి రోజులు వేటకి వెళతారు. సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ మనిషి గుండ్రాయిలా ఉంటాడు. ఒడ్డుకొచ్చి, చేపల పెట్టెలు దించి, డైరీ ఫార్మ్ పేటలో ఉన్న ఇంటికి చేరి స్నానం చేసేసరికి మొదలవుతుంది. లోపల దురద, మంట, తోలు ఎర్రగా పొంగి ఊడిపోవడం, పెదవి మీద పుండు. పది రోజులకి మానుతుంది. మళ్ళీ వేట, మళ్ళీ అదే చోట అదే పుండు.

పాపం, అతను చెయ్యని పని లేదు. సబ్బు మార్చాడు, డ్రాయర్లు మార్చాడు, కారం మానేశాడు. ఎవడో ఇచ్చిన పసరు రాసుకుని రెండు రోజులు కాళ్ళు ఎడంగా పెట్టి నడిచాడు. నడిసముద్రంలో చుక్కల్ని చూసి దారి చెప్పే మగాడు, తన లుంగీలో సంగతి మాత్రం పక్కవాడికి చెప్పలేకపోయాడు.

భార్య బేబీరాణికి చెప్పాల్సిన పనే లేకపోయింది. ఆవిడకి కళ్ళున్నాయి. వేటకి వెళితే వస్తోంది, ఇంట్లో ఉంటే మానుతోంది. డోంగీ దారిలో మాయాబందర్ రేవులో డీజిలుకి ఆగుతుంది. అనుమానానికి ఇంకేం కావాలి.

"అక్కడెవుర్తున్నాదో సెప్పీ. నానేటీ అనను," అంది మొదట్లో. తరవాత అనడం మొదలుపెట్టింది. రక్తపరీక్ష చేయిస్తే ఏ జబ్బూ లేదని రిపోర్టు వచ్చింది. "కాయితం మంచిదే. మరి మూతి మాటేటి?" అంది. శుక్రవారం బయల్దేరే వైజాగు షిప్పుకి తనకీ కూతురికీ టికెట్లు తీసేసింది. అన్న దగ్గరికి పోయి అక్కడే ఉండిపోతానంది. వెళ్ళేముందు ఒక్కసారి పెద్ద డాక్టరు నోటినుంచి తన చెవులతో వింటానని ఇవాళ, బుధవారం, వెంట బయల్దేరింది.

లోకనాథానికి అసలు భయం వేరే ఉంది. ఏ తప్పూ చెయ్యలేదన్న నమ్మకం తనకే సడలుతోంది. ఎప్పుడైనా తాగి ఒళ్ళు తెలియక ఎక్కడన్నా పడ్డానా అని పాత రోజులన్నీ తవ్వుకుంటున్నాడు. ఏమీ దొరకడం లేదు. దొరకకపోతే ఇంకా దిగులేస్తోంది.

ఆసుపత్రిలో ఏడింటికే చీటీ రాయించుకున్నారు. డాక్టరమ్మ పన్నెండు దాటితే గానీ రాదన్నారు. లోకనాథం కూర్చున్నాడు, లేచాడు, గోడ మీది కాగితాలన్నీ చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"కూకో. ఎందుకలాగ తిరుగుతావు," అంది బేబీరాణి.

"రెండ్రోజులై నిద్దర్లేదు. తల పగిలిపోతంది."

కోపం కోపమే, అలవాటు అలవాటే. ఆవిడ వెళ్ళి క్యాంటీన్‌లో రెండు టీలు తెచ్చింది. పర్సులోంచి చిన్న డబ్బా తీసి ఒక బిళ్ళ అతని అరచేతిలో పెట్టింది. ఒడ్డు కనపడగానే డోంగీలో నలుగురూ టీతో వేసుకునే ఒళ్ళునొప్పుల బిళ్ళే. అతను టీతో మింగేశాడు.

పదకొండు దాటాక పెదవి చిమచిమలాడింది. లోకనాథం నాలుకతో తడుముకున్నాడు. మచ్చ ఉబ్బుతోంది. లోపలా దురద ఎత్తుకుంది. నలుగురిలో గోక్కోలేడు, కుదురుగా కూర్చోలేడు. ఇది కాస్తా ఆవిడ చూసిందంటే ఇంక షిప్పు ఎక్కినట్టేనని ముఖం కిటికీవైపు తిప్పుకున్నాడు.

"ఇటు తిరుగు," అంది బేబీరాణి.

తిరిగాడు. ఆవిడ ఎర్రగా పొంగిన ఆ పెదవినే చాలాసేపు చూసింది.

"ఏడింటి కాడ్నుంచి నా పక్కనే ఉన్నావు కదా," అంది మెల్లిగా. తనకి తనే చెప్పుకుంటున్నట్టుంది.

డాక్టర్ సుమ ఆ ఊళ్ళోనే గోల్ ఘర్ పేట అమ్మాయి. పుట్టి పెరిగింది ఈ దీవుల్లోనే కాబట్టి ఆమె తెలుగులో సగం హిందీ. పెదవి చూసింది, తెర చాటున రెండోదీ చూసింది.

"హర్ బార్ ఇదే జగాలో వస్తుందా, భయ్యా?"

"అదే చోటు మేడమ్. నూలుపోగంత పక్కకి జరగదు."

"దవాయి ఏం తింటారు?"

"ఏ మందూ లేదు మేడమ్. జొరమొచ్చినా వేసుకోను."

దేవుడి పటం ముందు నిలబెట్టినా లోకనాథం అదే మాట చెప్పేవాడు. వాళ్ళకి మందంటే డాక్టరు చీటీ మీద రాసిచ్చేది. ఈ బిళ్ళ టీ సామాను. ప్రతి వేటకీ బేబీరాణి బిళ్ళల అట్టని కత్తెరతో ముక్కలు చేసి, టీపొడి డబ్బాలోనే పెట్టి పంపుతుంది. పంచదార తింటున్నానని ఎవరైనా డాక్టరుకి చెబుతారా?

"సుబహ్ నుంచి, పొద్దున లేచాక ఏం తిన్నారో చెప్పండి. అంతా."

"రెండిడ్లీలు. టీ."

బేబీరాణి పర్సు తెరిచి డబ్బా బల్ల మీద పెట్టింది. "టీతో ఇదేసుకున్నాడు. నానే ఇచ్చినాను," అంది.

డాక్టరు బిళ్ళ పేరు చదివి తల ఊపింది. "ఇదే. కొందరి ఒంటికి ఇది పడదు, దీదీ. మింగినప్పుడల్లా అదే జగాలో లేస్తుంది. ఎవరి దగ్గర్నుంచో అంటుకున్నది కాదు, మీకు అంటుకునేదీ కాదు. ఈ బిళ్ళ బంద్, జిందగీ భర్, బతికున్నంత కాలం."

"డోంగీలో మిగతా ముగ్గురికీ ఏటీ అవలేదు మేడమ్," అన్నాడు లోకనాథం.

"వాళ్ళ ఒళ్ళు వేరే, మీ ఒళ్ళు వేరే." బిళ్ళ పేరు ఎర్రసిరాతో కార్డు మీద రాసి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఇది చూపించమంది. పూతమందు రాసింది.

బయటికొచ్చి మళ్ళీ అదే బెంచీ మీద కూలబడ్డారు. లోకనాథానికి గుండెల మీది బరువు దిగింది. దిగిన మరుక్షణం కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ భయపడడంతోనే సరిపోయింది, కోపానికి తీరికేదీ?

"రెండేళ్ళు నన్ను దొంగని సూసినట్టు సూసినావు," అన్నాడు.

బేబీరాణి ఒళ్ళో డబ్బా పెట్టుకుని దాన్నే చూస్తోంది. అతని నడుము నొప్పెట్టకూడదని ఏ వేటకీ మర్చిపోకుండా పంపింది. పంపిన చేత్తోనే, తిరిగొచ్చాక గడ్డం పట్టుకుని మూతి పరీక్ష చేసింది. ఆవిడకి ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

"నన్నేటీ అనవా?" అంది.

"అంటాను," అన్నాడు లోకనాథం. "ముందెల్లి ఆ టికెట్లు వాపసిచ్చిరా."