గుంట ఇల్లు చేరేదాకా

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు ముదిమిలో వచ్చాయి. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను, ఒక్కో పేజీ రాయడానికి చాలా పొద్దు పడుతుంది. తప్పులుంటే మన్నించి, దిద్దుకుని చదువుకోండి.

వజ్రపుకొత్తూరు పక్కన సముద్రం ఒడ్డు ఊళ్లో, దుర్గ మొగుడు అప్పలస్వామి చేపల వేటకు వెళ్లడం మానేశాడు. కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు పలాస వెళ్లి మిషను మీద రక్తం కడిగించుకోవాలి. కొన్నాళ్లు వెళ్లాక, ఇక రానని మంచం దిగడం మానేశాడు. మానేస్తే ఎంతో కాలం ఉండడని దుర్గకు తెలుసు. అతనికీ తెలుసు.

అలాంటప్పుడు ఓడ మీద పనిచేసే మరిది కామేశ్ తన పాత ఫోను ఇచ్చి వెళ్లాడు. అందులో ఒక జపాన్ ఆట ఉంది. పైనుంచి రంగు దిమ్మలు జతలుగా పడుతుంటాయి. ఒకే రంగువి నాలుగు కలిస్తే పేలి మాయమవుతాయి. ఆటలో ఒక కథ కూడా ఉంది. భుజాన మూట వేసుకున్న చిన్న ఆడపిల్ల, మా వైపు మాటలో గుంట, ఇంటికి నడిచిపోతూ ఉంటుంది. దారిలో కాళ్లున్న చేప, కిరీటం పెట్టుకున్న రాజు, ఇలా ఒక్కొక్కరు అడ్డం వచ్చి ఏదో అంటారు. దిమ్మల ఆటలో ఓడిస్తేనే దారి వదులుతారు.

మాటలన్నీ జపాన్ అక్షరాల్లో ఉంటాయి. తెలుగు అక్షరమే రాని అప్పలస్వామికి అది అడ్డు కాలేదు. ఆ మాటలు తనే కల్పించేవాడు. ఆ ఫోను మిషను దగ్గరే ఇస్తానని దుర్గ అతన్ని మళ్లీ పలాస బయల్దేరదీసింది.

"'ఏటే గుంటా, సుంకం కట్టకుండా ఎల్లిపోతన్నావు' అంతన్నాడు ఈ సేపకాళ్లోడు."

"మరి గుంటేటంతంది?"

"'నీ కాళ్లు పులుసెట్టుకుంటాను, తప్పుకోరా' అంతంది."

ఆసుపత్రిలో పక్క మంచాల వాళ్లు నవ్వేవారు. మిషనుకు కట్టిన ఎడమ చెయ్యి కదపకూడదు. ఫోను దుర్గ పట్టుకునేది. కుడి బొటనవేలితో అతను దిమ్మల్ని పక్కకు జరిపేవాడు, తిప్పే బొత్తాం ఆమె నొక్కేది.

ఒకనాడు సూదులు తీశాక అన్నాడు. "ఈ గుంట ఇంటికి సేరేదాకా వత్తాను. గంగమ్మ తల్లి మీద ఒట్టు. అది సేరాక మరి నన్ను రమ్మనకు."

సముద్రం మీద బతికేవాళ్లు గంగమ్మ మీద వేసిన ఒట్టు తప్పరు. దుర్గ ముందు ఊపిరి పీల్చుకుంది. తర్వాత భయం పట్టుకుంది. అతను రోజురోజుకూ బాగా ఆడుతున్నాడు.

చివరికి గుంట ఇల్లు కనబడింది. గుమ్మం ముందు కిరీటం రాజొక్కడే అడ్డం. ఆ రోజు నుంచి దుర్గ వేలు తప్పుగా నొక్కసాగింది. ఓడిపోయారు. మళ్లీ ఓడిపోయారు.

"నీ ఏలికేటయిందే?"

"సెమట మావా. జారిపోతంది."

అతను ఆమె ముఖంలోకి చూశాడు.

మరోసారి వెళ్లినప్పుడు దిమ్మలు పైదాకా పేరుకుపోయాయి. ఇంకొక్కటి తప్పితే ఆట పోతుంది. దుర్గ కళ్లు మూసుకుని, తిప్పకూడని వైపు తిప్పింది. అది పడ్డచోట నాలుగు ఎరుపులు కలిసి పేలాయి. వాటి మీది పచ్చవి కిందికి జారి కలిశాయి, అవీ పేలాయి. వాటి పైనున్న నీలాలు కూడా. గడులన్నీ ఖాళీ అయిపోయాయి. రాజు దొర్లిపోయాడు. గుంట గుమ్మం ఎక్కింది. లోపల దీపం, కంచంలో అన్నం, చేతులు చాచిన ఆడమనిషి.

"సేరిపోయింది," అన్నాడు అప్పలస్వామి. అతని మొహం తేటపడింది. అది చూసి దుర్గ ఫోను ఆపేసి కొంగులో చుట్టేసింది.

మళ్లీ పలాస వెళ్లాల్సిన పొద్దున ఎప్పుడూ వాళ్లను తీసుకెళ్లే బైరాగి ఆటో వీధి చివర హారను కొట్టింది. అప్పలస్వామి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాళ్లు అప్పటికే ఉబ్బాయి.

"లే మావా."

"ఒట్టు తీరిపోనాది కదే."

ఆమె ఆ ఉబ్బిన కాళ్లు పట్టుకుంది. అతను కదల్లేదు. హారను మళ్లీ మోగింది.

"గుంట దానింటికే సేరిందని నీకెవులు సెప్పినారు?" అంది దుర్గ.

"సూసినాం కదే. అమ్మ కూడెట్టింది."

"కూడెట్టినోల్లంతా అమ్మలేటి? ఆ అచ్చరాలు నువ్వు సదివినావా? నాను సదివినానా? ఎవులింటికి ఎల్లిపోనాదో ఆ గుంట."

అతను ఇటు తిరిగాడు. "ఎవులిల్లది?"

"ఆటో ఎక్కు. సెప్తాను."

అబద్ధమని అతనికి తెలియకపోదు. అయినా గోడ పట్టుకుని లేచాడు.

"సెప్పకపోతే సూడు, సగం దారిలో దిగిపోతాను."

ఆటో జీడితోటల మధ్య పడింది. "ఊఁ, సెప్పు," అన్నాడు. కథలు కల్పించడం దుర్గకు రాదు. ఆ పని ఎప్పుడూ అతనిదే. పలాస ఇంకా దూరం.

"ఆ ఇంటి ఆడమనిసి లేదూ..." అని మొదలుపెట్టింది, ఆ తర్వాతేమిటో తెలియకుండానే.

ఇది రాసింది బడే సూరమ్మ, అరవై మూడేళ్లు. ఇప్పుడు టెక్కలిలో కూతురి దగ్గర ఉంటున్నాను.